మనవరాలిని ఎత్తుకునే నడుము

చంటిపిల్లకు నీళ్లు పోసే పెద్దావిడను ఎప్పుడైనా పక్కనుంచి చూడండి. పెరట్లోనో బాత్రూంలోనో చిన్న పీట మీద కూర్చుని కాళ్లు రెండూ బారజాపుతుంది. ఆ కాళ్ల మీద పిల్లను బోర్లా వేసుకుంటుంది. ఎడమ చెయ్యి పిల్ల గడ్డం కింద ఉంటుంది. కుడిచేత్తో పక్కనున్న బకెట్లో చెంబు ముంచి, వేడి సరిచూసుకుని, వీపు మీద ధారగా పోస్తుంది. సున్నిపిండి రాసి రుద్దుతుంది. తర్వాత వెల్లకిలా తిప్పి మళ్లీ మొదలు. పావుగంటసేపు ఆమె నడుము ముందుకు వంగే ఉంటుంది, చెంబు ముంచిన ప్రతిసారీ కుడివైపుకు మెలిపడుతుంది. అంతా అయ్యాక ఒళ్లంతా తడిసి జారిపోతున్న పిల్లను, కూర్చున్నచోటు నుంచే చేతులు చాచి, తువ్వాలు పట్టుకుని నిలబడ్డ కూతురికి అందిస్తుంది. చాలామంది అమ్మమ్మలకు నడుం కలుక్కుమనేది ఆ అందించేటప్పుడే.

తెనాలిలో మా ఇంట్లోనూ సరిగ్గా అలాగే జరిగింది. అమ్మాయి పురిటికి వచ్చింది, మనవరాలికి మూడో నెల. మా ఆవిడకు అప్పుడు 62. పిల్లను అందిస్తూ ‘అమ్మా’ అని ఆగిపోయింది. వారంపాటు మంచం దిగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు తలో మాటా చెప్పారు. బెల్టు కట్టుకోమన్నది ఒకరు, చెక్కబల్ల మీద పడుకోమన్నది ఇంకొకరు, ఇసుక కాపడం పెట్టమన్నది మరొకరు. అందరూ కలిసి తేల్చిందేమిటంటే, అరవై దాటాక ఇక పిల్లల్ని ఎత్తకూడదని. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని, “ఎత్తుకోకపోతే ఇంక అమ్మమ్మనెందుకు?” అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ నాలుగేళ్లలో నడుమునొప్పి నివారణ మీద ప్రపంచంలో జరిగిన పరిశోధన నాకు దొరికినంతవరకూ చదివాను. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ల పెద్దవాళ్ల నడుములు ఎలా ఉంటున్నాయో కళ్లారా చూస్తూ వచ్చాను. నాకు తేలిన సంగతి ఒక్కటే. పెద్దవాళ్లను బరువు ఎత్తకుండా ఆపినందువల్ల నడుము దక్కదు. ఎత్తగలిగేలా ముందునుంచీ తయారుగా ఉంచితే దక్కుతుంది.

ముందు లెక్కలు చూద్దాం. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుమునొప్పితో బాధపడుతున్నారని అంచనా. 2050 నాటికి అది 84.3 కోట్లకు చేరుతుందంటున్నారు. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో దీనిదే మొదటి స్థానం. అందులో నూటికి తొంభై కేసుల్లో ఫలానా ఎముక, ఫలానా నరం అని వేలుపెట్టి చూపించగల కారణం దొరకదు. మన రాష్ట్రంలో అరవై దాటినవాళ్లు 2021 నాటి అంచనా ప్రకారం జనాభాలో 12.4 శాతం, అంటే ఎనిమిది మందిలో ఒకరు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటే, ఇళ్లూ మనవలూ ఆ ఎనిమిదో మనిషి చేతిమీదే నడుస్తున్నాయి.

అయితే ఈ ప్రాంతంలో అందరి నడుములూ ఒకే రకం కావు. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య ఉన్నదంతా కృష్ణా పశ్చిమ డెల్టా. వరి, వరి కోశాక మినుమో పెసరో, ఈమధ్య మొక్కజొన్న, జొన్న. నాట్లు వేసిన ఆడవాళ్లు ముప్పై నలభై ఏళ్లు బురదలో మోకాళ్లు వంచకుండా నడుం వంచి పనిచేశారు. కలుపు తీసినా, మినుము పీకినా అదే వంపు. కొల్లూరు లంకల్లో పసుపు, కంద తవ్వినవాళ్లు, నిజాంపట్నం వైపు చేపల తట్టలు మోసినవాళ్లు, చీరాల గుంట మగ్గాల మీద పొద్దస్తమానం కూర్చున్నవాళ్లు ఇప్పుడు తాతలూ మామ్మలూ అయ్యారు. వీళ్ల కాళ్లలో బలానికి కొదవలేదు, కానీ ఒకే వంపు వంగీ వంగీ నడుము మొరాయించింది. వరి వెదజల్లే పద్ధతి పెరిగాక నాట్ల కూలి తగ్గింది. కూలి పోయిందన్న బాధ నిజమే. నడుముకు మాత్రం అది మేలే చేసిందనుకుంటాను.

రెండో రకం మా లాంటివాళ్లం. బళ్లో, బ్యాంకులో, కొట్టు గల్లాపెట్టె దగ్గర ముప్పై అయిదేళ్లు కుర్చీకి అతుక్కుపోయి, రిటైరయ్యాక టీవీ ముందు కుర్చీలోకి మారినవాళ్లం. ఒకప్పుడు ఈ జిల్లాల ఇళ్లల్లో కింద కూర్చుని తినేవాళ్లం, గొంతుక్కూర్చుని కూరలు తరిగేవాళ్లం. రోజుకు ఇరవైసార్లు నేలమీంచి లేవడమే పెద్ద కసరత్తుగా ఉండేది, ఎవరూ దాన్ని కసరత్తు అనుకోలేదు. డైనింగ్ టేబులూ కమోడూ వచ్చి మోకాళ్లకు సుఖం ఇచ్చాయి, తొడల్లో సత్తువ తీసుకుపోయాయి. పొలం నడుముకు వంగడం తగ్గించాలి, కుర్చీ నడుముకు కదలిక పెంచాలి. ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఎవరికో ఒకరికి నష్టం.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే మన దగ్గర నొప్పి కంటే ఈ మాటే ఎక్కువమందిని మంచానికి కట్టేస్తోంది. ‘వెన్నుపూస అరిగిపోయింది’, ‘గ్యాపు వచ్చింది’. ఎమ్మారై ఫిల్ము చేతిలో పెట్టి ఈ ముక్క అనగానే మనిషి సగం కుంగిపోతాడు. 2015లో కొందరు పరిశోధకులు నడుమునొప్పి అసలే లేని 3,110 మంది స్కానింగుల వివరాలు ఒకచోట చేర్చి చూశారు. నొప్పి లేని ఇరవయ్యేళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నొప్పి లేని ఎనభయ్యేళ్లవాళ్లలో 96 శాతం మందికి కనిపించింది. అంటే అరుగుదల తల నెరవడం లాంటిది. అది కనిపించినంత మాత్రాన నొప్పి రావాలని లేదు, నొప్పి వచ్చినంత మాత్రాన దానివల్లే అని లేదు. ఈ సంగతి తెలిసిన రోజు మా ఆవిడ ఫిల్ము కవరు బీరువాలో పెట్టేసి బయటికి నడిచింది.

మరి నివారణకు ఏది పనిచేస్తుంది? 2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేశారు. వ్యాయామం, దాంతోపాటు నడుము గురించి అవగాహన రెండూ కలిపి ఇచ్చినప్పుడు నొప్పి వచ్చే అవకాశం 45 శాతం తగ్గింది. వ్యాయామం ఒక్కటే అయితే 35 శాతం. నడుం బెల్టులవల్ల, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలవల్ల నివారణ జరుగుతుందని ఆధారం దొరకలేదు. బరువు ఎలా ఎత్తాలో పాఠం చెప్పి వదిలేసినా లాభం కనిపించలేదు. ఈ చివరిమాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ‘మోకాళ్లు వంచి ఎత్తండి’ అని అందరూ చెప్పేదే కదా! కానీ మోకాళ్లు వంచి లేవాలంటే ముందు తొడల్లో బలం ఉండాలి. అది లేనప్పుడు పాఠం ఎంత గుర్తున్నా ఒళ్లు మళ్లీ నడుమునే వంచుతుంది.

నడక సంగతి 2024లో తేలింది. అంతకుముందు నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని ఆస్ట్రేలియాలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు నడక నేర్పారు. మెల్లగా మొదలుపెట్టి, ఆరు నెలల్లో వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట దాకా పెంచుకోమన్నారు. మధ్యమధ్య ఫిజియోథెరపిస్టు మాట్లాడుతూ వచ్చారు. రెండో జట్టును వాళ్ల మానాన వదిలేశారు. వదిలేసినవాళ్లకు సగటున 112 రోజుల్లో నొప్పి మళ్లీ వచ్చింది, నడిచినవాళ్లకు 208 రోజులకు. నడకకు ఖర్చు లేదు, టిక్కెట్టు లేదు. తెనాలిలో కాలువ గట్లున్నాయి, బాపట్లలో వ్యవసాయ కళాశాల వైపు చెట్లనీడ రోడ్లున్నాయి. సూర్యలంక ఇసుకలో నడవడం బాగానే ఉంటుంది గానీ, పొడి ఇసుకలో పాదం దిగబడి నడుం ఊగుతుంది. అలవాటు లేనివాళ్లు అలలు తడిపిన గట్టి ఇసుక మీదే నడవాలి.

ఒక్క నడకతో సరిపోదు. అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటి పని చెయ్యాలని, అదికాక వారానికి మూడు రోజులు బలం, నిలకడ పెంచే కసరత్తులూ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన ఇళ్లల్లో జరగనిది ఈ రెండోదే. బలం ఎంత ఉందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెకు అడ్డంగా కట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు నిటారుగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఎవరినైనా ఉంచుకోండి. 65 నుంచి 69 ఏళ్ల మధ్య ఆడవాళ్లు 11 సార్లకన్నా, మగవాళ్లు 12 సార్లకన్నా తక్కువ లేస్తే కాళ్లబలం తగ్గినట్టే. మా ఆవిడ మొదటిసారి ఎనిమిదితో ఆగిపోయింది.

ఊళ్లో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆమెకు నేర్పింది నాలుగే నాలుగు. కుర్చీలోంచి పదిసార్లు లేవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తి అయిదు అంకెలు నిలపడం. గోడకు ఎదురుగా నిలబడి అరచేతులు ఆనించి ఒంటిని ముందుకు వెనక్కి తేవడం. కూరగాయల సంచులు రెండు, చేతికొకటి సమంగా పట్టుకుని వరండాలో నిటారుగా నడవడం. ఈ నాలుగోది నాకు అన్నిటికన్నా నచ్చింది. మార్కెట్టునుంచి వచ్చేటప్పుడు బరువంతా ఒకే చేతికి తగిలించుకునే అలవాటు మనది. రెండు చేతులకూ పంచితే వెన్నుకు అటూఇటూ ఉన్న కండలు సమంగా పనిచేస్తాయి. ఆమె రెండు కిలోల సంచులతో మొదలుపెట్టి, ఆరు నెలలకు చేతికి అయిదు కిలోల దాకా వచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇక అసలు బరువు, మనవలు. ఆరోగ్యంగా పెరిగే పిల్ల ఏడాదికి సుమారు 9 కిలోలు, రెండేళ్లకు 12, మూడేళ్లకు 14, అయిదేళ్లకు 18 కిలోలు ఉంటుంది. పిల్ల నెలనెలా పెరుగుతుంది, తాతయ్య బలం నెలనెలా తరుగుతుంది. ఈ రెండూ ఎక్కడో ఎదురుపడతాయి. ఆ ఎదురుపడే చోటును వెనక్కి జరపడమే మనం చెయ్యగలిగింది. 1999లో జర్మనీలో ఒక పరిశోధక బృందం ఒక స్వచ్ఛంద సేవకుడి నడుము డిస్కులో ఒత్తిడి కొలిచే పరికరం అమర్చి అన్ని పనులూ చేయించింది. ఊరికే నిలబడితే 0.5 వచ్చిన కొలత, 20 కిలోలు ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1 వచ్చింది. అదే బరువు గుండెకు 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8. నడుం వంచి నేలమీంచి ఎత్తితే 2.3. మనిషి ఒక్కడే కాబట్టి అంకెలను వేదంగా తీసుకోనక్కర్లేదు, కానీ దూరం చేసే నష్టం ఎంతో కళ్లకు కట్టింది. మంచానికి ఆ చివర ఉన్న పిల్లను ఈ చివర నిలబడి చేతులు చాచి లాగితే అదే దూరం. ఉయ్యాల గట్టు మీదుగా వంగి తీసినా, కారు వెనక సీట్లోంచి లాగినా అంతే. మంచం మీదికి ఒక మోకాలు ఎక్కించి, పిల్లను దగ్గరికి దొర్లించి, గుండెకు హత్తుకున్నాకే లేవాలి. హత్తుకోవడం పిల్లకూ ఇష్టమే.

చంకనేసుకుని తిరిగేటప్పుడు ఒకే చంక అలవాటైపోతుంది, ఆ వైపు తుంటి బయటికి నెట్టి నిలబడతాం. అటూఇటూ మార్చుకోవాలి. బడి వ్యాను దగ్గర మనవడి సంచి తాతయ్య ఒక భుజానికి తగిలించుకోవడం ఊరూరా చూస్తాను. 2020 నాటి కేంద్ర బడిసంచి విధానం ప్రకారం సంచి బరువు పిల్లాడి బరువులో పదోవంతు దాటకూడదు, బాలవాడి పిల్లలకు సంచే ఉండకూడదు. దాటుతోందంటే మోయడం కాదు, బళ్లో అడగడం తాతయ్య పని.

నీళ్లు పోసే సంగతికి వస్తాను. కాళ్ల మీద పోయడం మంచి ఆచారమే, పిల్ల వెచ్చగా, భద్రంగా ఉంటుంది. మార్చాల్సింది చుట్టూ ఉన్న అమరిక. పీటను గోడకు దగ్గరగా జరిపి, నడుముకూ గోడకూ మధ్య దిండు పెట్టాం. పీట జానెడు ఎత్తు పెంచి, మోకాళ్ల కింద చుట్టచుట్టిన దుప్పటి పెట్టాం, దాంతో తొడ వెనక కండలు లాగడం తగ్గి నడుం గుండ్రంగా వంగడం తగ్గింది. నీళ్లు ముంచి పోసే పని నాకు వచ్చింది. ఆవిడ రెండు చేతులూ పిల్ల మీదే ఉండేవి. అయిపోయాక తువ్వాలుతో అమ్మాయే కిందికి వంగకుండా ఎదురుగా స్టూలు మీద కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకునేది. చాచి అందించడం అన్నది లేకుండా పోయింది. వాకిట్లో పుల్లల చీపురుకు కర్ర కట్టుకోవడం, ముగ్గు వేసేటప్పుడు నడుం వంచి నిలబడే బదులు చిన్న స్టూలు జరుపుకుంటూ వేయడం కూడా ఇదే కోవ.

నేను గమనించినవాటిలో డాక్టర్లు అంతగా మాట్లాడనిది ఒకటుంది. మన పెద్దవాళ్ల నడుములు కాలాన్ని బట్టి పడిపోతాయి. సంక్రాంతికి పది రోజులు, వేసవి సెలవులకు నలభై రోజులు. ఏడాదంతా ఇద్దరే ఉన్న ఇల్లు ఒక్కసారిగా పిల్లలతో నిండుతుంది. అరిసెల పిండి కలపడం, పరుపులు డాబా మీదికి మోయడం, చిన్నాణ్ణి బీచిలో భుజాలకెత్తుకోవడం అన్నీ మూడు రోజుల్లోనే. అమెరికా వెళ్లే తల్లిదండ్రులది మరీ కష్టం. ఇరవై గంటలకుపైగా ప్రయాణంలో కూర్చుని దిగి, మర్నాటినుంచే చంటిపిల్లను ఎత్తుకుని రాత్రిళ్లు తిరుగుతారు. పైరుకు నీళ్లు పెట్టే రైతు కాలువ వదలడానికి ముందే బోదెలు బాగుచేసుకుంటాడు. పండక్కి నెలన్నర ముందునుంచి, అమెరికా టిక్కెట్టు కొన్న రోజునుంచి ఆ నాలుగు కసరత్తులూ మొదలుపెట్టాలి. విమానంలో గంటకోసారి లేచి నడవాలి. దిగిన మొదటి రెండు రోజులూ పిల్లను కూర్చునే ఎత్తుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో ఎముకల మాట విడిగా చెప్పాలి. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారతాయి. తుమ్మినా, బిందె ఎత్తినా వెన్నుపూస లోపలికి కుంగిపోవచ్చు, చాలామందికి అది విరగడమని కూడా తెలియదు. ఎత్తు తగ్గడం, వీపు పైభాగం గూనిగా వంగిపోవడం దాని గుర్తులు. ఇలాంటివాళ్లు పత్రికలో బొమ్మ చూసి పశ్చిమోత్తానాసనం లాంటి ముందుకు వంగే ఆసనాలు మొదలుపెట్టకూడదు. 1984లో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు ఎముకలు గుల్లబారిన 59 మంది ఆడవాళ్లను పరిశీలిస్తే, ముందుకు వంగే కసరత్తులు చేసినవాళ్లలో 89 శాతం మందికి కొత్తగా పూసలు కుంగాయి, వెనక కండలను బిగించే కసరత్తులు చేసినవాళ్లలో 16 శాతం మందికే. చిన్న పరిశోధనే, కానీ తేడా చిన్నది కాదు. తిండిలో రాగిజావ, పాలు, పెరుగు, నువ్వులు రోజూ ఉండాలి. ఎండ ఒంటికి తగలాలి. ఇంత ఎండ కాసే ప్రాంతంలో విటమిన్ డి తక్కువ కావడం ఏమిటనుకుంటాం గానీ, ఇంట్లోంచి కదలని మనిషికి ఎండ ఎక్కడిది? అరవై దాటిన ఆడవాళ్లు ఒకసారి ఎముక సాంద్రత పరీక్ష గురించి డాక్టర్ని అడగడం మంచిది.

పనికిరానివాటి గురించి ఎక్కువ చెప్పను. నొప్పి వచ్చాక రోజుల తరబడి పడుకోవడం మేలు చెయ్యదని 1995లోనే ఫిన్లాండులో తేలింది. ఓపినంతమేరకు మామూలు పనులు చేసుకున్న ఉద్యోగులే పడుకున్నవాళ్లకన్నా త్వరగా కోలుకున్నారు. మరీ గట్టి పరుపు కన్నా మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపే నయమని స్పెయిన్ పరిశోధన చెప్పింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాల నడుమునొప్పి మీద మార్గదర్శకాలు ఇస్తూ బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్, నల్లమందు జాతి మాత్రలు రొటీనుగా వద్దంది. కాపడం పెడితే హాయిగా ఉంటుంది, పెట్టుకోండి, ఆ హాయిలో లేచి నాలుగడుగులు వెయ్యండి. నన్ను భయపెట్టేది ఊరూరా దొరికే ఇంజెక్షను. పొద్దున పొడిపించుకుంటే సాయంత్రానికి నొప్పి పోతుంది. అందులో స్టెరాయిడ్ ఉంటే, మళ్లీ మళ్లీ పొడిపించుకుంటే, అదే ఎముకలను గుల్ల చేస్తుంది. నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగితే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఇంకా ప్రమాదం.

కొన్ని నొప్పులకు మాత్రం కసరత్తులు, కాపడాలు అని కూర్చోకూడదు. మూత్రం పట్టు తప్పినా, బిగిసినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, కాళ్లు బలహీనపడినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. పడ్డాక వచ్చిన నొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, దానితో జ్వరం, బరువు తగ్గడం, ఇదివరకు కేన్సరు వచ్చి ఉండడం ఇవన్నీ వెంటనే చూపించుకోవలసినవి. ప్రపంచంలోని క్షయ కేసుల్లో సుమారు పావువంతు మన దేశంలోనే ఉన్నాయి, క్షయ వెన్నుపూసకూ వస్తుంది. అందుకని మన దగ్గర సాయంత్రపు జ్వరంతో కూడిన నడుమునొప్పిని ‘వయసు’ అని తోసెయ్యకూడదు.

మా ఆవిడకు ఇప్పుడు 66. అర నిమిషంలో పదమూడుసార్లు లేస్తుంది. మధ్యలో రెండుసార్లు నడుం పట్టేసింది, రెండుసార్లూ మూడో రోజుకే కాలువ గట్టు మీద ఉంది. మనవరాలికి నాలుగేళ్లు, పదహారు కిలోలు. ఆవిడ నేలమీంచి ఎత్తుకోవడం మానేసింది, ఎత్తుకోవడం మానలేదు. సెలవులకు వచ్చిన పిల్ల ఆటోలోంచి దూకి, పరుగెత్తుకొచ్చి, చెప్పులు విడిచి, తనంతట తనే అరుగెక్కి నిలబడుతుంది. రెండు చేతులూ చాపి, “అమ్మమ్మా, అరుగెక్కాను” అంటుంది.